సూపర్ నేపియర్ వెయ్యాలా? ముందు మూడు సెంట్లలో వేసి చూడండి

ప్రశ్న: మాది పలమనేరు వైపు ఒక పల్లె. ఐదు సంకరజాతి ఆవులున్నాయి. బోరు కింద అర ఎకరంలో కో-4 గడ్డి వేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆవులు ఆకు తిని కాడలు వదిలేస్తున్నాయి, పాలు కూడా తగ్గాయి. నాటుకునే గడ్డి కాండం ముక్కలు అమ్మే ఆయనొకరు వచ్చి, పాత గడ్డి దున్నేసి సూపర్ నేపియర్ వెయ్యండి, ఎకరాకు ఏడాదికి 200 టన్నులు వస్తుంది, 18 శాతం ప్రొటీన్ ఉంటుంది, దాణా సగం తగ్గించుకోవచ్చు అన్నారు. ముక్క 2 రూపాయలట. మొత్తానికి 11 వేల దాకా అవుతుంది. మా మరిది రోజూ వీడియోలు పంపి వెయ్యమంటున్నాడు. మా అత్తగారేమో ఉన్న గడ్డి చాలంటారు. గడ్డి కోసేది, వేసేది నేనే. తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. మామిడి చెట్లు ఓ ఇరవై ఉన్నాయి, వాటి కింద ఏదైనా గడ్డి పెరుగుతుందా?

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక మాట. పాత గడ్డిని ఇప్పుడే దున్నకండి. 11 వేలు ఖర్చు పెట్టకండి. సూపర్ నేపియర్ చెడ్డదని కాదు ఈ మాట అనడం. అది మీ నేలలో, మీ నీటితో, మీ ఆవుల ముందు ఎలా ఉంటుందో ఇంకా ఎవరూ చూడలేదు. 150 రూపాయలతో మీరే చూసుకోవచ్చు. ఎలాగో చెప్తాను.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ పట్టింది కాడలు వదిలేస్తున్నాయన్న మాట. మీరు ఎన్ని రోజులకు కోస్తున్నారో రాయలేదు. మీ వైపు చాలామంది గడ్డి మనిషి ఎత్తు దాటాక, అంటే 70, 80 రోజులకు కోస్తారు. అప్పుడు మోపు బరువుగా ఉంటుంది, చూడ్డానికి నిండుగా ఉంటుంది. కానీ మన ఎండలకు ఈ గడ్డి కాడ చాలా త్వరగా ముదిరి పీచుబారుతుంది. వారం ఆలస్యమైతే చాలు, అరిగేది తగ్గిపోతుంది. ఆవు కాడ వదిలేస్తోందంటే గడ్డి వయసు మీరిందని చెప్తోందన్నమాట. సూపర్ నేపియర్‌ను 80 రోజులు నిలబెట్టినా అదే కాడ, అదే మిగులు. రకం మార్చే ముందు కోత రోజు మార్చి చూడాలి. మొదటి కోత నాటిన 70, 75 రోజులకు తీస్తే, ఆ తర్వాత 45 నుంచి 50 రోజులకోసారి, నేల నుంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు వదిలి కొయ్యాలి.

మీకది కష్టం కూడా కాదు. అర ఎకరం అంటే 50 సెంట్లు. రోజుకు ఒక సెంటు చొప్పున కోసుకుంటూ వెళ్తే 50 రోజులకు మళ్లీ మొదటి చోటికి వస్తారు. ఆవుకు రోజుకు 30 కిలోల పచ్చిమేత అనుకుంటే ఐదింటికి 150 కిలోలు. అంటే సెంటుకు 150 కిలోలు వస్తే మీకు సరిపోతుంది. ఏడాది లెక్క చూస్తే 55 టన్నులు. ఎకరాకు 200 టన్నులు అన్నారు కదా, అర ఎకరంలో 100. అంత గడ్డి మీకేం పని? ఉన్నచోట 55 టన్నులు తినగలిగే గడ్డిగా వస్తే చాలు. అమ్మేవాళ్లు టన్నుల మాటే చెప్తారు, మన లెక్క మాత్రం పశువు నోట్లోకి పోయేదాని మీద ఉండాలి.

ఇక ఆ గడ్డి సంగతి. సూపర్ నేపియర్ పేరుతో మన దగ్గర అమ్ముతున్నది థాయ్‌లాండ్ నుంచి వచ్చిందని చెప్తారు. అక్కడ పాక్‌చోంగ్ అనే ఊళ్లో అభివృద్ధి చేసిన పాక్‌చోంగ్-1 రకం అన్నమాట. అది సజ్జకూ ఏనుగు గడ్డికీ, అంటే నేపియర్‌కూ చేసిన సంకరం. మీ కో-4 కూడా అంతే. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కో-8 అనే పశుగ్రాసపు సజ్జనూ, ఎఫ్‌డీ 461 అనే నేపియర్‌నూ కలిపి తయారుచేసి 2008లో విడుదల చేసింది. ఆ తర్వాత 2012లో కో-5 వచ్చింది. మన రాజేంద్రనగర్‌లో తయారైన ఏపీబీఎన్-1 కూడా ఈ కుటుంబమే. ఇవన్నీ అక్కచెల్లెళ్లు. తేడాలు లేవని కాదు. ఒకటి పిలకలు ఎక్కువ వేస్తుంది, ఒకదాని ఆకు వెడల్పు, ఒకదాని ఆకు మీద నూగు తక్కువ. అంతేగాని ఒకటి గడ్డి, ఇంకొకటి దాణా అయ్యేంత తేడా ఉండదు.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. సజ్జ, నేపియర్ కలిసిన ఈ సంకరం మొలకెత్తే విత్తనం కట్టదు. సజ్జ నుంచి ఏడు, నేపియర్ నుంచి పద్నాలుగు క్రోమోజోములు వచ్చి మొత్తం ఇరవై ఒకటవుతాయి. బేసి లెక్క కాబట్టి జతలు కుదరవు, గింజ పట్టదు. కాండం ముక్కలతో, వేరు పిలకలతోనే పెంచాలి. ఎవరైనా మీకు హైబ్రిడ్ నేపియర్ విత్తనాల ప్యాకెట్ అమ్మబోతే తీసుకోకండి.

ఆ 18 శాతం ప్రొటీన్ మాటకొద్దాం. ప్రయోగశాలలో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. గడ్డిలో ఉన్న నత్రజనిని కొలిచి దాన్ని 6.25తో గుణిస్తారు. లేత ఆకును మాత్రమే పంపినా, ముందు వారం యూరియా దట్టంగా చల్లినా ఆ అంకె పైకి పోతుంది. అందులో కొంత నిజమైన ప్రొటీన్ కాకపోవచ్చు. సాగు బాగుండి 45 రోజులకు కోస్తే హైబ్రిడ్ నేపియర్‌లో సాధారణంగా 8 నుంచి 11 శాతం దాకా ఉంటుంది. అది తక్కువేం కాదు. ఆవు పొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులు పనిచేయాలంటే మేతలో కనీసం 7 శాతం దాకా ప్రొటీన్ ఉండాలి. వరిగడ్డిలో ఉండేది 3, 4 శాతమే. మంచి సమయంలో కోసిన నేపియర్ ఆ గీత దాటుతుంది, ముదిరిపోయింది దాటదు. పేరు చూసి దాణా సగం తగ్గిస్తే మాత్రం నష్టపోయేది మీరే. పాలిచ్చే ఆవు వెన్ను, డొక్కలు నెల తిరక్కుండా మీకే కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ మూడు సెంట్ల పని. అర ఎకరంలో బాగా పలచబడ్డ చోటు చూసి మూడు సెంట్లు దున్నండి. పదడుగుల చదరపు మళ్లు తొమ్మిది చేయండి, మధ్యలో నడవడానికి దారి వదలండి. మూడు రకాలు తీసుకోండి. ఒకటి మీ కో-4 నుంచే కొత్తగా తీసిన ముక్కలు. రెండోది ఆయన అమ్మే సూపర్ నేపియర్. మూడోది కో-5 గానీ ఏపీబీఎన్-1 గానీ, మీ పశువైద్య కేంద్రంలో అడిగితే ముక్కలు ఎక్కడ దొరుకుతాయో చెప్తారు. ఒక్కో రకాన్ని మూడు మళ్లలో వెయ్యాలి. ఏ మడిలో ఏది అన్నది చీటీలు వేసి తేల్చండి, మీరు ఎంచుకోవద్దు. ఒక రైతు పేడదిబ్బ పక్క మడిలో కొత్త గడ్డి వేసి, చివర గట్టు దగ్గర పాతది వేసి, కొత్తదే గెలిచిందని ఎకరమంతా మార్చేయడం చూశాను. గెలిచింది పేడదిబ్బ. రెండేళ్లకుగాని ఆ సంగతి ఆయనకు తెలియలేదు. బోరు దగ్గర నేల ఒకలా ఉంటుంది, చివర ఇంకోలా ఉంటుంది. ఒక్కో రకం మూడు చోట్ల ఉంటే ఆ తేడా సర్దుకుంటుంది.

కో-4ను మళ్లీ కొత్తగా ఎందుకు నాటమంటున్నానంటే, నాలుగేళ్ల దుబ్బును కొత్త దుబ్బుతో పోలిస్తే ఏ కొత్త రకమైనా గెలుస్తుంది. నాలుగేళ్లకు దుబ్బు మధ్యలో చచ్చి, వేళ్లు పైకి తేలి, పిలకలు సన్నబడతాయి. మీ దిగుబడి తగ్గడానికి అదీ ఒక కారణమే. మూడు నాలుగేళ్లకోసారి ఎలాగూ తిరిగి నాటుకోవాల్సిన గడ్డి ఇది. కాబట్టి అన్నీ ఒకే రోజు నాటాలి, ఒకే ఎరువు, ఒకే తడి. రెండు కణుపులున్న ముక్కను ఒక కణుపు మట్టిలో ఉండేలా ఏటవాలుగా గుచ్చండి. రెండడుగులకొకటి చొప్పున మడికి ఐదు వరుసలు, వరుసకు ఐదు. మడికి 25, రకానికి 75 ముక్కలు. సూపర్ నేపియర్‌కు మీకయ్యే ఖర్చు ఆ 150 రూపాయలే.

తూకం వేసేటప్పుడు మడి అంచున ఉన్న దుబ్బులు వదిలేయండి. వాటికి ఎండ, చోటు ఎక్కువ దొరుకుతాయి కాబట్టి ఏపుగా పెరిగి మోసం చేస్తాయి. మధ్యలో మిగిలే తొమ్మిది దుబ్బులే కోసి తూచండి. ఆ తొమ్మిదీ ఉన్న చోటు 36 చదరపు అడుగులు. ఇందాకటి సెంటుకు 150 కిలోల లెక్క ప్రకారం ఆ తొమ్మిది దుబ్బులు కోతకు 12 కిలోల పైచిలుకు ఇవ్వాలి. అది మీ గీటురాయి. చేతితో వేలాడదీసి తూచే చిన్న డిజిటల్ తూకం చాలు. మొదటి కోతను లెక్కలోకి తీసుకోకండి, అప్పటికి దుబ్బు కట్టడం పూర్తి కాదు. రెండో కోత నుంచి రాయండి.

పచ్చి తూకంతోనే ఆగితే మాత్రం సగం పనే చేసినట్టు. ప్రతి రకం నుంచి కోత రోజునే గడ్డిని ముక్కలు చేసి, బాగా కలిపి, సరిగ్గా ఒక కిలో తూచి మేడ మీద గుడ్డ పరిచి ఎండబెట్టండి. రోజూ సాయంత్రం తూచండి. రెండు రోజులు వరుసగా తూకం మారకపోతే ఎండినట్టే. ఒకటి 200 గ్రాములు మిగలొచ్చు, ఇంకొకటి 150 మిగలొచ్చు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ 30 కిలోల మోపులో మొదటిదైతే ఆరు కిలోల అసలు మేత, రెండోదైతే నాలుగున్నర. మిగతాదంతా నీళ్లే. 400 కిలోల ఆవు రోజుకు 12 కిలోల దాకా ఎండు పదార్థం తినాలి. పచ్చిమేత కళకళలాడుతూ ఉన్నా ఆవు ఆకలిగానే ఉందంటే చాలాసార్లు కారణం ఇదే. ఎకరాకు ఇన్ని టన్నులని ఎవరు చెప్పినా, అందులో ఎండుది ఎంత అని అడగండి.

అదే రోజు రెండు కిలోల గడ్డి తీసుకుని ఆకు వేరు, కాడ వేరు చేసి తూచండి. ఆకు ఎక్కువున్నదే మేలు. తర్వాత ఆవులను అడగండి. ఒకే ఆవు ముందు రెండు తొట్లలో రెండు రకాలు, పది కిలోల చొప్పున, గంటన్నర పాటు. మిగిలినవి తూచి రాయండి. మరుసటి రోజు తొట్లు అటూ ఇటూ మార్చండి, కొన్ని ఆవులు అలవాటుగా ఒక పక్కే తింటాయి. చాఫ్ కట్టర్‌లో వేసి సన్నగా కోస్తే కాడ ఆకులో కలిసిపోయి ఆవు తోసెయ్యలేదు. అందుకని ఒకసారి ముక్కలు చెయ్యకుండా కూడా పెట్టి చూడండి.

పాల లెక్క మీద చాలామంది తొందరపడతారు. కొత్త గడ్డి వేశాం, లీటరు పెరిగింది అంటారు. ఈనిన నెలను బట్టి పాలు వాటంతట అవే పెరుగుతాయి, తగ్గుతాయి. మూడు సెంట్ల గడ్డి ఐదు ఆవులకు రాదు కాబట్టి పాల పరీక్ష ఇప్పుడు వద్దు. వచ్చే ఏడాది గడ్డి పెరిగాక, మధ్య పాడిలో ఉన్న రెండు ఆవులకు రెండు వారాలు ఒక రకం, రెండు వారాలు ఇంకొకటి, మళ్లీ రెండు వారాలు మొదటిది పెట్టండి. దాణా, వరిగడ్డి మారకూడదు. గడ్డి మారిన మొదటి వారం తూకాలు లెక్కలోకి రావు, ఆవు పొట్ట అలవాటు పడాలి కదా. వెన్న శాతం కూడా చూడండి. లేత పచ్చిమేతే పెట్టి ఎండుమేత మానేస్తే పీచు చాలక వెన్న పడిపోతుంది.

ఇవన్నీ కొలిచాక ఇంకొకటుంది, దాన్ని ఏ కరపత్రంలోనూ రాయరు. గడ్డి కోసేది మీరు. ఏ రకం ఆకు అంచు చేతులు కోస్తోంది, ఏది మోసేటప్పుడు మెడ మీద గుచ్చుకుని దురద పెడుతోంది, ఏ దుబ్బు కొడవలికి త్వరగా తెగుతోంది, ఒక మోపు కొయ్యడానికి ఎంతసేపు పడుతోంది, ఇవీ పుస్తకంలో రాయండి. రోజుకు 150 కిలోలు కోసే చేతికి ఆ తేడా చాలా పెద్దది. మోపుకు పది నిమిషాలు కలిసొచ్చే గడ్డి, పది శాతం తక్కువ పండినా మీకు మంచిదే కావచ్చు. ఈ తీర్పు మీ మరిది చెప్పలేరు, నేనూ చెప్పలేను.

కనీసం ఒక ఎండాకాలం కోత, ఒక చలికాలం కోత చూడకుండా తేల్చకండి. మీ పలమనేరు ఎత్తు ప్రాంతం, డిసెంబరు, జనవరిలో ఈ గడ్డి ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు ఏది కాస్తయినా పచ్చగా లేస్తుందో, ఏప్రిల్లో బోరు తగ్గినప్పుడు ఏది ఆకు చుట్టుకోకుండా నిలబడుతుందో అదే మీ గడ్డి. వానాకాలంలో అన్నీ బాగానే పెరుగుతాయి.

ఏది గెలిచినా అర ఎకరమంతా ఒక్కటే వెయ్యకండి. ముక్కలతో పెంచిన గడ్డి మొత్తం ఒకే మొక్క కింద లెక్క, ఒకదానికి తెగులు వస్తే అన్నిటికీ వస్తుంది. కెన్యాలో చిన్న పాడిరైతులకు నేపియరే ప్రధాన మేత. అక్కడ కాటుక తెగులు, తర్వాత గిడసబార్చే తెగులు వచ్చి చాలామంది గడ్డి పోగొట్టుకున్నారు. పొరుగువాళ్ల దగ్గర తెచ్చుకున్న ముక్కలతో కూడా అవి ఊరూరా పాకాయి. కాటుక తెగులును తట్టుకునే కకమెగా-1 లాంటి రకాలను వెతికి పట్టుకోవలసి వచ్చింది. మీరు కూడా ముక్కలు కొనేముందు ఆ తోట వెళ్లి చూడండి. పసుపు పట్టిన పొట్టి దుబ్బులు కనిపిస్తే వద్దనండి.

దాణా ఖర్చు తగ్గాలంటే దారి వేరే ఉంది. గడ్డితో పాటు పప్పుజాతి మేత. నేపియర్ ఒక్కటే పెట్టి ప్రొటీన్ అంతా దాని నుంచే రావాలనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది. ఒక పది సెంట్లు హెడ్జ్ లూసర్న్, అదే దశరథ గడ్డి వెయ్యండి. దాని గింజ పైతోలు గట్టిది, వేడి నీళ్లలో కాసేపు ముంచి చల్లార్చి వేస్తేనే బాగా మొలుస్తుంది. ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు. ప్రొటీన్ నేపియర్‌కు రెండింతల దాకా ఉంటుంది. రెండు పాళ్లు గడ్డి, ఒక పాలు దశరథ గడ్డి కలిపి పెట్టండి. అది అలవాటయ్యాక దాణా కొద్దికొద్దిగా తగ్గిస్తూ పాలు చూసుకోండి. కొత్త నేపియర్ వరుసల మధ్య మొదటి రెండు నెలలు అలసంద వేస్తే అదీ మేతే, కలుపూ తగ్గుతుంది. గట్ల మీద సుబాబుల్ ఉంటే వాడుకోండి గానీ పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వకండి, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది.

మామిడి చెట్ల కింద గినీ గడ్డి వెయ్యండి. నీడను ఓర్చుకునే గడ్డి అదే. నేపియర్ అక్కడ సాగిలబడి పలచనవుతుంది. గినీ కాడ సన్నం, ఆవులు ఇష్టంగా తింటాయి, విత్తనంతో గానీ పిలకలతో గానీ పెరుగుతుంది. చెట్టు మొదలు చుట్టూ కాస్త చోటు వదలండి.

రెండు జాగ్రత్తలు. ఈ నేపియర్లలో ఆక్సలేట్ ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. మరీ లేతగా కోస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి పాలిచ్చే ఆవుకు రోజుకు 50 గ్రాముల మినరల్ మిక్చర్ మానకండి, వరిగడ్డి కొంత కలపండి. రెండోది, యూరియా చల్లాక ఎండకు గడ్డి వాడిపోయి, ఆ వెంటనే వాన పడితే ఓ వారం పది రోజులు ఆ గడ్డి కొయ్యకండి. అప్పుడు నైట్రేట్ పేరుకుని పశువుకు ప్రమాదం. ఒకవేళ తిని పశువు ఆయాసపడుతూ, చిగుళ్లు గోధుమ నీలంగా మారితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరును పిలవాలి.

మీ అత్తగారి మాట చాలావరకు నిజమేనని అనుకుంటున్నాను. ఉన్న గడ్డిని రేపటి నుంచే సెంటు చొప్పున కొయ్యడం మొదలుపెట్టండి. రెండు విడతలు తిరిగేసరికి, అంటే మూడు నెలల్లో, కాడలు మిగలడం తగ్గిందో లేదో తెలిసిపోతుంది. ఈలోపు మూడు సెంట్లలో ముక్కలు నాటండి. మీ మరిదిని చీటీలు తీయమనండి, తూకం పట్టుకోమనండి. ఏడాది తర్వాత సూపర్ నేపియరే గెలిస్తే మళ్లీ కొనక్కర్లేదు. ఆ 75 దుబ్బులను ఒక కోత ఆపి మూడు నెలలు ముదరనిచ్చారంటే దుబ్బుకు ఇరవై పిలకలు, పిలకకు మూడు నాలుగు ముక్కలు చొప్పున 5 వేల దాకా మీ చేతికే వస్తాయి. అర ఎకరానికి కావలసింది 5,400.